బాతు కొండ చెప్పే లెక్క

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. వాటికి నేను కలపగలిగింది ఏమీ లేదు. "మలేసియాలో అమ్మాయి దగ్గర రెండు నెలలు ఉండి వచ్చారు గదా, నాలుగు మాటలు చెప్పండి" అన్నారు కార్యదర్శిగారు. రెండు నెలల్లో చాలా చూశాను. జంట శిఖరాల భవనాలు చూశాను, పెద్ద పెద్ద బజార్లు చూశాను. వాటి సంగతి మీరు టీవీలో చూసే ఉంటారు. అందుచేత వాటిని వదిలేసి ఒకే ఒక్క విషయం తీసుకున్నాను. అది ఊరి చివర ఉన్న ఒక కొండ.

ఆ కొండ కౌలాలంపూరు నగరానికి ఉత్తరాన సుమారు 13 కిలోమీటర్ల దూరంలో, సెలంగోర్ రాష్ట్రంలో ఉంది. పేరు బాతు కేవ్స్. మన చెరువులో ఈదే బాతు కాదు లెండి. మలయా భాషలో 'బాతు' అంటే రాయి. కొండ పక్కగా పారే బాతు నది పేరే కొండకూ వచ్చింది. అక్కడి తమిళులు మాత్రం 'పత్తుమలై' అంటారు. తమిళంలో పత్తు అంటే పది. భారతదేశంలో సుబ్రహ్మణ్యస్వామికి ఆరు ముఖ్య క్షేత్రాలు, మలేసియాలో మరి నాలుగు, వాటిలో ఇది పదవది అని వాళ్ళు చెప్పుకుంటారు. రాయి అన్న మాటని భక్తి పది చేసింది.

వెళ్ళడం చాలా తేలిక. నగరం నడిబొడ్డున ఉన్న పెద్ద స్టేషను నుంచి లోకల్ రైలు నేరుగా కొండ కిందికే వెళుతుంది. 2010 నుంచి ఆ సౌకర్యం ఉంది. రైలు దిగి నాలుగడుగులు వేస్తే ముందు ఆంజనేయస్వామి పచ్చని విగ్రహం కనిపిస్తుంది, సుమారు 50 అడుగులది. దాని పక్కనే రామాయణ గుహ. లోపల శ్రీరాముడి కథ అంతా బొమ్మలుగా పెట్టారు. నిద్రపోతున్న కుంభకర్ణుణ్ణి లేపే ఘట్టం దగ్గర పిల్లలు కదలరు. నిజం చెప్పాలంటే మా ఆవిడ కూడా కదల్లేదు. ఆ గుహకు టిక్కెట్టు ఉంది. పైనున్న గుడి గుహకు లేదు.

ఇంకొంచెం ముందుకు వెళితే 140 అడుగుల సుబ్రహ్మణ్యస్వామి బంగారు రంగులో మెరుస్తూ నిలబడి ఉంటాడు. మన పరిటాల ఆంజనేయస్వామి 135 అడుగులు. అంటే ఇక్కడివారికి పోలిక అందుతుంది. ఈ విగ్రహాన్ని 2006 జనవరిలో ఆవిష్కరించారు. స్వామి పక్కనుంచి 272 మెట్లు. 1920లో కొయ్యమెట్లు కట్టారట, తర్వాత కాంక్రీటు మెట్లు వచ్చాయి. 2018 ఆగస్టులో వాటికి ఇంద్రధనుస్సు రంగులన్నీ వేశారు. ముందుగా అనుమతి తీసుకోలేదని అక్కడి జాతీయ వారసత్వ శాఖ అభ్యంతరం చెప్పింది. అది వినగానే 'ఫైలు లేని పని ఏ దేశంలోనూ సాగదు' అనుకుని నవ్వుకున్నాను.

మోకాళ్ళ నొప్పులున్నవారు 272 అనగానే భయపడకండి. అలిపిరి మెట్లు 3550 ఎక్కిన జనం మనం. అయితే ఇవి నిటారుగా ఉంటాయి. మధ్య మధ్య ఆగే చోట్లున్నాయి. ఆగి ఆగి ఎక్కితే అరగంటలో పైకి చేరవచ్చు. చేతిలో తినుబండారం మాత్రం ఉంచుకోకండి. పొడుగు తోకల కోతులు మన సింహాచలం కోతులకు ఏమాత్రం తీసిపోవు. వృద్ధుల కోసం ఎస్కలేటర్ పెడతామని ఆలయం వారు 2024లో ప్రకటించారు. నేను మాత్రం మెట్ల మీదనే ఎక్కి దిగాను.

పైన గుహలోకి అడుగుపెట్టగానే మాట పడిపోతుంది. పైకప్పు దాదాపు నూరు మీటర్ల ఎత్తు. ముప్పై అంతస్తుల మేడను లోపల నిలబెట్టవచ్చు. పైనుంచి రాతి ఊడలు మర్రి ఊడల్లా వేలాడుతుంటాయి. ఒకచోట పైకప్పు కూలిపోయి ఆకాశం కనిపిస్తుంది. అక్కడి నుంచి వెలుతురుతోపాటు తీగలు, వేళ్ళు కిందికి దిగుతాయి. ఆ వెలుగులో వల్లీ దేవసేనా సమేతుడైన స్వామి గుడి ఉంది. తల ఎత్తి చూస్తే కొండ అంచున చెట్లు. అప్పుడు తెలుస్తుంది, మనం ఒక అడవి కింద నిలబడ్డామని.

ఇంత గుహ ఎలా వచ్చిందంటే, ఆ రాయి సున్నపురాయి కనుక. సుమారు 40 కోట్ల సంవత్సరాల క్రితం అక్కడ సముద్రం ఉండేది. సముద్రజీవుల గుల్లలు, సున్నపు మడ్డి అడుగున పేరుకుని రాయిగా మారింది. తర్వాత ఆ నేల పైకి లేచింది. వానచుక్క గాలిలోనూ మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొంచెం ఆమ్లంగా మారుతుంది. ఆ నీరు సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. కరిగినచోట గుహ, ఆ కరిగిన సున్నం తిరిగి గట్టిపడినచోట ఊడ. మన బొర్రా గుహలు, బెలూం గుహలు ఏర్పడిన తీరు కూడా ఇదే.

ఇక ఈ కొండను ఎవరెవరు ఎలా వాడుకున్నారో చెబుతాను. నా ప్రసంగంలో అసలు విషయం అదే.

మొదట అక్కడి ఆదివాసులు, తెమువాన్ తెగవారు, ఈ గుహల్లో తలదాచుకునేవారు. 1860 ప్రాంతంలో చీనా రైతులు గుహలోని గబ్బిలాల రెట్టను తవ్వి కూరగాయల మళ్ళకు ఎరువుగా వేసుకున్నారు. 1878లో కొందరు ఆంగ్ల అధికారులు, విలియం హోర్నడే అనే అమెరికా ప్రకృతి శాస్త్రజ్ఞుడు వచ్చి చూడడంతో బయటి ప్రపంచానికి ఈ కొండ తెలిసింది. తర్వాత తంబుసామి పిళ్ళై అనే వర్తక ప్రముఖుడు, కౌలాలంపూరులోని మహామారియమ్మన్ ఆలయ స్థాపకుడు, ఈ గుహ ముఖద్వారం స్వామివారి వేలాయుధం ఆకారంలో కనిపించిందని 1890-91 ప్రాంతంలో ఇక్కడ స్వామిని ప్రతిష్ఠించాడు. 1892 నుంచి తైపూసం ఉత్సవం జరుగుతోంది. నగరంలోని అమ్మవారి గుడి నుంచి వెండి రథం బయలుదేరి గంటల తరబడి నడిచి ఈ కొండకు చేరుతుంది. లక్షలాది జనం కావళ్ళు మోస్తూ, పాలకుండలు ఎత్తుకుని ఈ మెట్లెక్కుతారు.

ఇది భక్తుల లెక్క. ఇంకొక లెక్క ఉంది. అది క్వారీ లెక్క. నగరం పెరుగుతున్నకొద్దీ రోడ్లకు కంకర కావాలి, ఇళ్ళకు సిమెంటు కావాలి. ఊరి పక్కనే సున్నపురాయి కొండ ఉంటే ఊరుకుంటారా? కొండ పక్కలు దశాబ్దాల తరబడి తొలిచారు. మందుపెట్టి పేల్చిన గోడలు ఈనాటికీ నిలువుగా బోసిగా కనిపిస్తాయి.

మెట్ల మధ్య ఆయాసం తీర్చుకుంటుండగా నాకు ఒక పెద్దాయన కలిశారు. మా ఆవిడతో నేను అన్న మాట విని "తెలుగోళ్ళా బాబూ? ఏ ఊరు మీది?" అని పలకరించారు. ఎనభై దగ్గర ఉంటాయి. వారి తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల్లో కూలికి ఓడెక్కి వచ్చారట. ఉత్తరాంధ్ర నుంచి అలా వెళ్ళిన కుటుంబాలు మలేసియాలో చాలా ఉన్నాయి. ఆయన పుట్టింది, పెరిగింది, పనిచేసింది అక్కడే. మన ఊరు ఎన్నడూ చూడలేదు. అయినా "సల్లగున్నారా" అన్న మాటలో యాస చెక్కుచెదరలేదు.

ఆయన చెప్పిన సంగతి మీకు చెప్పాలి. "చిన్నప్పుడు మా అయ్య బుజం మీద కూకుని వచ్చేవోడ్ని. తైపూసానికి తోటలో సెలవిచ్చేవారు. ఇక్కడ దండం పెట్టుకుంటే, కొండ అవతల డాం మని మందు పేలేది. కాళ్ళకింద రాయి అదిరేది. మా అమ్మ, సామికి కోపమొచ్చిందిరా అనేది. నేను పెద్దయినాక తెలిసింది, అది సామి కోపం కాదు, కంకర మిషను అని." ఇలా చెప్పి ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మిత్రులారా, రెవెన్యూ ఆఫీసులో నేను చాలా ఏళ్ళు కూర్చున్న సీటులో కొండలు ఫైళ్ళుగా వచ్చేవి. మీలో చాలామందికి ఆ ఫైలు తెలుసు. కొండ పోరంబోకు, సర్వే నంబరు ఇంత, విస్తీర్ణం ఇంత, సర్వేయరు స్కెచ్చి జతపరచడమైనది, రోడ్డు మెటలు ఇన్ని క్యూబిక్ మీటర్లు, సీనరేజి ఇంత, గ్రామంలో అభ్యంతరాలు లేవు. ఆ నమూనాలో ప్రతి గడీ కొండలోంచి ఏది బయటికి పోతుందో అడుగుతుంది. కొండలో ఏది ఉంటోందో అడిగే గడీ లేదు. అది ఏ గుమాస్తా తప్పూ కాదు, నమూనా అలా ఉంది. బాతు కొండ విషయంలో ఆ లేని గడీలో ఏమి రాయవలసి ఉండేదో ఇప్పుడు చెబుతాను.

ఒకటి, మొక్కలు. కొండమీద మన్ను పలచన. వేళ్ళు రాతి చీలికల్లోకి దిగి బతకాలి. అటువంటి చోట బతికే మొక్కలు వేరే నేలమీద బతకవు. ఈ ఒక్క కొండమీద 350కి పైగా జాతుల మొక్కలను శాస్త్రజ్ఞులు నమోదు చేశారు. చుట్టూ రోడ్లు, ఇళ్ళు, కర్మాగారాలు కమ్ముకున్న కొండమీద సుమా.

రెండు, ఒక సాలీడు. రెండువందల మెట్లు దాటాక ఎడమవైపు చీకటి గుహ అని ఇంకొకటి ఉంది. 2019లో దాన్ని సందర్శకులకు మూసివేశారు, నేను లోపలికి వెళ్ళలేదు. అందులో ఉండే సాలీడు గోడమీద పట్టుగూడు కట్టుకుని, దానికి తలుపు పెట్టుకుంటుంది. తలుపు ముందు దారాలు పరుస్తుంది. పురుగు ఏదైనా దారం తొక్కితే లోపల కూర్చున్న దానికి కబురు అందుతుంది, తలుపు తీసి పట్టేస్తుంది. ఇది చాలా ప్రాచీనమైన సాలీళ్ళ వంశంలోది. 1923లో దానికి శాస్త్రనామం పెట్టినప్పుడు ఈ కొండ పేరునే ఆ పేరులో చేర్చారు.

మూడు, గబ్బిలాలు. ఇది వింటే మీరు ఆశ్చర్యపోతారు. ఈ గుహల్లో పూలతేనె తాగే గబ్బిలాలున్నాయి. మలేసియా వారికి డ్యూరియన్ పండంటే ప్రాణం. చూడడానికి చిన్న పనసకాయలా ముళ్ళతో ఉంటుంది, వాసన సంగతి చెప్పను. ఆ చెట్టు పువ్వు సాయంత్రం విచ్చి తెల్లవారేలోగా రాలిపోతుంది. పగటి తేనెటీగకు ఎక్కువగా అందదు. రాత్రి వచ్చే గబ్బిలమే దాని పుప్పొడి మోయాలి. అయితే డ్యూరియన్ ఏడాది పొడుగునా పూయదు గదా. మిగతా నెలల్లో ఈ గబ్బిలాలు సముద్రతీరంలోని మడ అడవుల పూలమీద బతుకుతాయి. 1970లలో ఈ గుహల గబ్బిలాలను పరిశీలించినవారు అవి మేత కోసం ఒక రాత్రిలో 38 కిలోమీటర్ల దూరం దాకా వెళ్ళివస్తాయని తేల్చారు.

ఇప్పుడు లెక్క కట్టండి. గబ్బిలానికి ఇల్లు సున్నపురాయి గుహ. దానికి గ్రాసం మడ అడవి. దానివల్ల ఫలసాయం రైతు తోటలో. ఈ మూడూ మూడు శాఖల కిందికి, మూడు వేర్వేరు ఫైళ్ళలోకి వస్తాయి. గుహ పేల్చే క్వారీ ఫైలులో డ్యూరియన్ తోట లేదు. మడ అడవి కొట్టే ఫైలులో గుహ లేదు. కాయ కాయకపోతే రైతు పెట్టుకునే అర్జీలో గబ్బిలం లేదు. ఏ గుమాస్తా కూడా ఆ మూడు ఫైళ్ళనూ ఒక టేగుతో కట్టడు. పిడుగు ఎక్కడో పడితే ఇల్లు ఎక్కడో కాలినట్లు, నష్టం మాత్రం ఎవరికో తగులుతుంది.

మరి కొండ ఎలా మిగిలింది? ఒక్కరివల్ల మిగల్లేదు. గుడివారు అడ్డుపడ్డారు. 1940లో ఏర్పడిన అక్కడి ప్రకృతి సంఘం వారు ఏళ్ళ తరబడి రాస్తూ, చెబుతూ వచ్చారు. గబ్బిలాల లెక్క చెప్పిన శాస్త్రజ్ఞులున్నారు. చివరకు 1980ల తొలినాళ్ళలో రాయి కొట్టడం ఆగింది. తర్వాత కూడా పూర్తిగా నిశ్చింత లేదు. 2012లో కొండ పక్కనే 29 అంతస్తుల నివాస భవనం కట్టబోతే మళ్ళీ జనం రోడ్డుమీదికి వచ్చి అభ్యంతరం చెప్పవలసి వచ్చింది. ఒకసారి కాపాడితే ఎప్పటికీ కాపాడినట్లు కాదు.

భక్తుడికి స్వామి కావాలి, శాస్త్రజ్ఞుడికి సాలీడు కావాలి, రైతుకు కాయ కావాలి. ఎవరి అవసరం వారిదే. ఒకరి మాట ఒకరికి పూర్తిగా నచ్చదు కూడా. మెట్లకు రంగులు, కాంక్రీటు కట్టడాలు ప్రకృతివాదులకు ఇష్టం ఉండవు. అయినా అందరికీ కావలసింది ఆ కొండ నిలబడి ఉండడమే. అందుకే అది నిలబడింది.

దూరదేశం కథ మనకెందుకు అనుకోకండి. మన ఉమ్మడి విశాఖ జిల్లా అనంతగిరి మండలంలో, గోస్తనీ నది పుట్టేచోట, బొర్రా గుహలున్నాయి. ఇదే సున్నపురాయి, ఇవే ఊడలు, ఇవే గబ్బిలాలు. ఆ బొర్రా పరిసర గ్రామాల్లో గనులకు లీజులిస్తే గిరిజనుల తరఫున 'సమతా' సంస్థ కోర్టుకెళ్ళింది. 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రభుత్వ భూమినైనా సరే గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వడం చెల్లదన్నది. మనమంతా సర్క్యులర్లలో చదివిన 1/70 రెగ్యులేషనుకు ఆ తీర్పు కొత్త ప్రాణం పోసింది. దేశమంతటా దాన్ని 'సమతా తీర్పు' అనే పిలుస్తున్నారు. ఆ కేసు మన కొండల్లో పుట్టిందని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

అయితే ఆ రక్షణ షెడ్యూల్డు ప్రాంతానికే. మైదానంలో ఊరి పక్కనున్న కొండకు ఆ చట్టం వర్తించదు. దానికి రక్షణ ఊరివారే. ఇక్కడే మన సంఘం చేయగలిగిన పని ఒకటుంది.

పెద్ద గనులకు పర్యావరణ అనుమతి ఇచ్చేముందు 2006 నోటిఫికేషను ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన వేయాలి. నివేదిక ప్రతులు జనం చూసుకోవడానికి కార్యాలయాల్లో ఉంచాలి. ఇవన్నీ ఉన్నాయి. చదివేవారు లేరు. రైతుకు ఆ భాష అర్థం కాదు. కుర్రవాళ్ళకు తీరిక లేదు. తీరిక ఉండి, ఆ భాష తెలిసి, ఏ కాగితం వెనుక ఏ కాగితం ఉండాలో చూడగానే చెప్పగలిగినవారు ఈ హాలులో కూర్చున్నవారే. సర్వే నంబరు సరిపోయిందా, స్కెచ్చిలో చెరువు చూపించారా, 'అభ్యంతరాలు లేవు' అన్న మాట కింద ఎవరి సంతకం ఉంది, గ్రామసభ నిజంగా జరిగిందా, ఇవి మనకు ఒకరు నేర్పనక్కరలేదు. ముప్పై ఏళ్ళు చేసిన పని ఇదే.

నేను క్వారీలకు వ్యతిరేకిని కాను. మనం కూర్చున్న ఈ హాలు సిమెంటుతో కట్టిందే, మనం వచ్చిన రోడ్డు కంకరతో వేసిందే. రాయి ఎక్కడో ఒకచోట కొట్టక తప్పదు. ఏ కొండను కొట్టవచ్చు, ఏ కొండను కొట్టరాదు అన్నది తెలుసుకుని నిర్ణయించాలి, తెలియక కాదు. చెట్టు కొడితే మళ్ళీ నాటవచ్చు. నలభై కోట్ల ఏళ్ళ రాయిని తిరిగి పెట్టే పద్దు ఏ బడ్జెట్టులోనూ లేదు.

కాబట్టి నా సూచన ఇది. మన సంఘంలో ఇష్టమున్నవారు నలుగురైదుగురు కలిసి, మన మండలంలోని కొండల జాబితా ఒకటి తయారుచేద్దాం. ఒక్కొక్క కొండకు ఒక్కొక్క పేజీ. సర్వే నంబరు, విస్తీర్ణం మామూలే. వాటి పక్కన ఆ లేని గడీని మనమే గీద్దాం. ఏ గుడి ఉంది, ఏ ఊట ఉంది, ఏ చెరువుకు నీరు దిగుతుంది, ఏ పశువులు మేస్తాయి, ఏ మందుమొక్కలు దొరుకుతాయి, గబ్బిలాలున్నాయా. ఊళ్ళోని గొర్రెల కాపరిని, మంత్రసానిని, పూజారిని అడిగితే చెబుతారు. ప్రకటన వచ్చిన రోజున ఆ పేజీ తీసుకెళ్ళి సమావేశంలో చదివి, అందినట్లు రసీదు తీసుకుందాం. నోటిమాట గాలికి పోతుంది, ఇన్వర్డు నంబరు పడిన కాగితం నిలుస్తుంది.

చివరగా, మలేసియా వెళ్ళదలచినవారికి రెండు మాటలు. 2023 డిసెంబరు నుంచి మనవారికి 30 రోజుల దాకా వీసా మినహాయింపు ఇచ్చారు. వెళ్ళేముందు అది అమలులో ఉందో లేదో విచారించుకోండి. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వవలసిన నెల చూసుకుని బయలుదేరండి. బాతు కొండకు తెల్లవారి ఏడింటికల్లా చేరండి, ఎండా ఉండదు, జనమూ ఉండరు. బీపీ బిళ్ళ వేసుకుని ఎక్కండి. స్వామికి దండం పెట్టుకున్నాక ఒక్కసారి తల ఎత్తి పైనున్న చెట్లను కూడా చూడండి.

కొండల జాబితా పనికి పేర్లు ఇవ్వదలచినవారు భోజన విరామంలో కార్యదర్శిగారి దగ్గర రాయించవలసిందిగా కోరుతున్నాను. మొదటి పేరు నాదే రాయించాను.